పొగ సెలవులు

మా మెస్‌లో గోడమీద రాసి ఉన్న నియమం ఒక్కటే: ఒక ప్లేటు ఒకరికే. ఎర్ర రంగులో, తెలుగులోనూ హిందీలోనూ నేనే రాయించాను. దేశ రాజధానిలో, కటవారియా సరాయ్ సందులో మొదటి అంతస్తులో పదహారు మంది కూర్చునే చిన్న హాలు మాది. పోటీ పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలు పదిహేనేళ్లుగా ఇక్కడే తింటున్నారు. టోకెన్ తీసుకుంటే అన్నం, పప్పు, సాంబారు, రసం, పెరుగు ఎన్నిసార్లయినా వడ్డిస్తాం. కూర మాత్రం రెండోసారి కావాలంటే నా మొహం చూసి అడగాలి.

ఆ నియమం ఊరికే పుట్టలేదు. నాలుగేళ్ల కిందట ముగ్గురు కుర్రాళ్లు ఒకే టోకెన్ మీద నెలరోజులు తిన్నారు. మొదటివాడు పప్పన్నంతో మొదలుపెట్టి చేయి కడుక్కోవడానికి లేచేవాడు. అదే కుర్చీలో రెండోవాడు కూర్చుని సాంబారు దగ్గర అందుకునేవాడు. మూడోవాడికి రసం, పెరుగు. ముగ్గురికీ ఒకే రంగు స్వెట్టరు. అంత తెలివి పరీక్షలో చూపించి ఉంటే ముగ్గురూ కలెక్టర్లయ్యేవాళ్లు. పట్టుకున్న రోజున నేను అరిచిన అరుపుకి కింద బట్టల కొట్టువాడు పైకి వచ్చి ఏమైందని అడిగాడు.

అప్పటినుంచి నేను మాటలు నమ్మడం మానేశాను. కౌంటర్ దగ్గర కూర్చుని ఎవరి చేయి ఏ ప్లేటులో ఉందో చూస్తుంటాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఆయన శేషగిరి పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టారు. ఆయన మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యి ఇప్పుడు మెస్‌కి కూరగాయలు తెచ్చిపెడుతున్నారు. ఆయన ఎవరినీ ఒక్క మాట అనరు. ఇద్దరి మాటలూ నేనే అంటాను.

విష్ణువర్ధన్ సంగతి చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. నంద్యాల నుంచి వచ్చిన కొత్తలో అతను పాతికేళ్ల కుర్రాడు. తిండిలో అతనికి అతనే సాటి. అన్నం గుట్టలా పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి పప్పు పోయించుకుని, నిమ్మకాయంత ముద్దలు కట్టి తాపీగా తినేవాడు. అలా తినేవాణ్ణి చూస్తే వండినవాళ్లకి కడుపు నిండుతుంది. మిగతావాళ్లకి వడ్డించడానికి మనుషులున్నారు గానీ అతనికి నేనే లేచి వడ్డించేదాన్ని. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు, అక్కడితో ఆగిపోయాడు. అవకాశాలన్నీ అయిపోయాక ఇక్కడే తనతో చదువుకున్న నిజామాబాద్ అమ్మాయి ప్రీతిని పెళ్లి చేసుకుని, బేర్ సరాయ్‌లో ఒక మేడమీద గది తీసుకున్నాడు. ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లలు రాసిన జవాబులు దిద్దే పని. మా మెస్‌కి వచ్చే కుర్రాళ్లలో సగంమంది అతన్ని సార్ అని పిలుస్తారు. ఇంట్లో వంట మొదలయ్యాక మా దగ్గరికి రావడం మానేశాడు. రోడ్డుమీద కనిపిస్తే ఆగి నమస్కారం పెట్టేవాడు.

కిందటి నవంబరులో గాలి పాడయింది. ఏటా పాడవుతుంది, ఈసారి మరీ పాడయింది. మా కిటికీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా కనిపించలేదు. మంగళవారం సాయంత్రం బళ్లు మూసేస్తున్నామని, పాఠాలు ఫోన్లో చెబుతామని ప్రకటించారు. మా మెస్‌లో కుర్రాళ్లు మాస్కులు గడ్డం కిందకి లాక్కుని తింటూ, ఈ పొగ మీద పరీక్షలో ప్రశ్న వస్తుందా రాదా అని వాదించుకుంటున్నారు.

బుధవారం మధ్యాహ్నం విష్ణు వచ్చాడు. వెంట కూతురు అక్షర ఉంది. ఎనిమిదేళ్లుంటాయి, గవర్నమెంటు బళ్లో మూడో తరగతి. బడి లేకపోయినా బడి స్వెట్టరే వేసుకుని ఉంది. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే.

"పాపకు ఒక టోకెన్, సరోజమ్మా," అన్నాడు విష్ణు.

"నీకో?"

"నేను తిని వచ్చినానమ్మా."

తిని వచ్చినవాడు ఇంత దూరం పిల్లని తీసుకొచ్చి బయట తినిపించడమేమిటి అనిపించింది. భార్యాభర్తలు పోట్లాడుకున్నారేమో, ఇంట్లో వంట లేదేమో అనుకుని టోకెన్ ఇచ్చాను.

వాళ్లు గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. పిల్ల లోపలివైపు, అతను ఇవతలివైపు. నాకు కనిపించేది అతని వీపూ, కుడి మోచేయీ. సీతారత్నం వడ్డించింది. సీతారత్నం తుని నుంచి వచ్చింది, వంటా వడ్డనా ఆవిడ చేతిమీదే నడుస్తాయి. వడ్డించగానే విష్ణు స్వెట్టరు చేయి పైకి మడిచి ప్లేటులో అన్నం కలపడం మొదలుపెట్టాడు. తండ్రి పిల్లకి అన్నం కలిపిపెట్టడం మన ఇళ్లల్లో వింతేమీ కాదు. ఎనిమిదేళ్లదానికి ఇంకా కలపాలా అనుకున్నాను, అంతే. కానీ ఆ మోచేయి ఆగలేదు. పైకి లేస్తోంది, దిగుతోంది. రెండోసారి అన్నం, మూడోసారి అన్నం, తర్వాత పెరుగు, పెరుగులోకి మళ్లీ అన్నం. అయ్యాక లేచి పంపు దగ్గర చేయి శుభ్రంగా కడుక్కుని, రుమాలుతో తుడుచుకున్నాడు.

చేయి కడుక్కున్నాడంటే తిన్నట్టే కదా. నేను ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. ఎనిమిదేళ్ల పిల్ల నాలుగుసార్లు అన్నం పెట్టించుకోదని నాకు తెలుసు. పైగా అతను ఎంత తినగలడో నాకంటే తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు.

వెళ్తూ వెళ్తూ పిల్ల కౌంటర్ దగ్గర ఆగింది. "ఆంటీ, కల్ భీ ఖులేగా?" అంది. రేపు కూడా తెరుస్తారా అని.

"మాది మీ బడి కాదమ్మా, గాలి బాగాలేదని మూసేయడానికి," అని నవ్వాను.

గురువారం మళ్లీ అదే తంతు. గురువారం కూడా వెళ్తూ అదే ప్రశ్న అడిగింది. ముద్దుగా అడుగుతోందనుకున్నాను. ఒక్కటి మాత్రం చూశాను. లోపలికి రాగానే ఆ పిల్ల ఎవరి మొహమూ చూడదు, ప్లేట్లు చూస్తుంది. ఎవరి ప్లేటులో ఎంత ఉందో ఒకటొకటిగా చూసుకుంటూ వచ్చి కూర్చుంటుంది. రెండు అప్పడాలు స్వెట్టరు జేబులోకి తోయడం కూడా చూశాను. పిల్లచేష్ట అని ఊరుకున్నాను. ఊరుకున్నాను గానీ లెక్కలో వేసుకున్నాను.

శుక్రవారం సీతారత్నం పప్పు గిన్నె పట్టుకుని నా పక్కకి వచ్చి, "అమ్మగారూ, ఆ బాబు ఉన్నాడు సూడండి," అని ఏదో మొదలుపెట్టింది.

"చూస్తూనే ఉన్నాను. నువ్వు పని చూడు," అన్నాను.

ఆవిడ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కూరలు తరుగుతూ మా ఆయనతో చెప్పాను, విష్ణు ఇలా తయారయ్యాడని.

"పోనీవోయ్, ఎంత తింటాడు," అన్నారాయన.

"ఎంతని కాదండీ. నా కళ్లు కప్పి తినడమేమిటి? అడిగితే పెట్టనా?"

నాకు కడుపుమంట అక్కడే. నా చేత్తో అన్ని ఏళ్లు వడ్డించాను. ఇబ్బందిగా ఉంది సరోజమ్మా అని ఒక్కమాట అంటే టోకెన్ అడిగేదాన్నా? నన్ను పరాయిదాన్ని చేసి, పిల్లని అడ్డం పెట్టుకుని తింటాడా అని మండిపోయాను. ఇవాళ ఇది రాస్తుంటే, అడిగితే పెట్టనా అనే ఆ మాటే నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది. అడగడం ఎంత కష్టమో తెలియనివాళ్లు అనే మాట అది.

ఆదివారం మా మెస్‌లో ఇసకేస్తే రాలదు. గుత్తివంకాయ కూర, సేమ్యా పాయసం ఉంటాయి కాబట్టి మునీర్కా నుంచి కూడా వస్తారు. ఆ రోజు నలుగురు కుర్రాళ్లు కుర్చీ కోసం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నవదీప్ అనే ఖమ్మం కుర్రాడు విష్ణుని చూసి, "సార్, నా ఎస్సే చూశారా?" అని అక్కణ్ణుంచే అడిగాడు. "చూసినా, రేపిస్తా," అన్నాడు విష్ణు, చేయి ప్లేటులోనే ఉంచి.

మూడుసార్లు అన్నం అయింది. నాలుగోసారి పిల్ల గొంతు వినిపించింది. "దీదీ, చావల్." సీతారత్నం అన్నం గిన్నెతో అటు నడిచింది. నేను కౌంటర్ వదిలి లేచాను.

"విష్ణూ, గోడమీద ఏం రాసుందో చదువు," అన్నాను.

అతను తలెత్తాడు. హాలంతా ఇటు తిరిగింది. నా గొంతు నాకు తెలుసు, చిన్నగా మాట్లాడడం దానికి చేతకాదు.

"పిల్లల జవాబులు దిద్దేవాడివి, నీకు చదవడం రాదా? ఇద్దరు తింటే ఇద్దరికీ టోకెన్ తీసుకోవాలి. లేదంటే లేదని నాతో చెప్పాలి. పిల్ల ప్లేటులో చేయి పెట్టి తినడం ఏం మర్యాద? ఐదు రోజుల నుంచీ చూస్తున్నాను."

అతను నవదీప్ వైపు చూశాడు. గోడకి ఆనుకున్న కుర్రాళ్ల వైపు చూశాడు. వాళ్లు మాస్కులు సర్దుకుంటున్నట్టు తలలు దించుకున్నారు.

"తప్పయిపాయ సరోజమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేను గెలిచాననుకున్నాను. నేరం ఒప్పుకున్నాడు కదా.

అక్షర నోట్లో ముద్ద ఉంది. నమలడం ఆపేసింది. చేతిలో ఇంకో ముద్ద ఉంటే దాన్ని జాగ్రత్తగా ప్లేటు అంచున పెట్టింది. తర్వాత జేబులో చేయి పెట్టి రెండు అప్పడాలు తీసింది. ఒకటి విరిగిపోయింది. ఆ ముక్కలు కూడా ఏరి బల్లమీద పెట్టి, "సారీ ఆంటీ," అంది.

పిల్లతో నేనేమీ అనలేదని సర్దిచెప్పాలనిపించింది. కానీ అప్పటికే విష్ణు లేచాడు. పంపు దగ్గర కుర్రాళ్లు నిలబడి ఉన్నారని కాబోలు, చేయి కూడా కడుక్కోలేదు. పిల్ల మూతి రుమాలుతో తుడిచి, ఎడమచేత్తో దాని చేయి పట్టుకుని మెట్లు దిగాడు. మెతుకులు అంటిన కుడిచేయిని బట్టలకి తగలకుండా దూరంగా పట్టుకుని వెళ్లాడు. ఆ రోజు ఆ పిల్ల నన్ను ఏమీ అడగలేదు.

మూడున్నరకి హాలు ఖాళీ అయ్యాక నేనూ సీతారత్నం వంటింట్లో కూర్చుని తింటాం. ఆ రోజు ఆవిడ కంచం పెట్టుకోలేదు.

"ఏమే, తినవా?"

"నాకు సయించట్లేదండి."

"ఏమైంది?"

ఆవిడ కాసేపు గరిటెలు సర్దింది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆ బాబు ఒక్క మెతుకు నోట్లో ఎట్టుకోలేదండి. ఐదు రోజులూ వడ్డించింది నేనే కదా. ఒక్క మెతుకు."

"చేయి పెట్టి కలుపుతూనే ఉన్నాడు కదే."

"పిల్లకండి. ముద్ద కట్టి దాని చేతిలో ఎడతాడు. అది నవిలి మింగితేనే ఇంకోటి కడతాడు. లేపోతే ఆ పిల్ల నవలదండి, మింగేత్తది. బుధవారం ఇక్కడినుంచి ఎళ్తా మెట్లకాడ మొత్తం కక్కేసింది. నేనే నీళ్లోసి కడిగాను. కక్కుకుని, మూతి తుడుసుకుని, మళ్లీ పెరుగన్నం పెడతావా దీదీ అంది."

నేను కంచం పక్కకి జరిపాను.

"నీకెవరు చెప్పారు ఇదంతా?"

"ఆ పిల్లే. నాకు హిందీ సరిగా రాకపోయినా ఆకలి మాట అర్థమవదా అండి. బళ్లో మధ్యాన్నం అన్నం పెడతారంట. అక్కడ ఎంత పెడితే అంత తినేసి, సాయంత్రం ఇంట్లో ఆకల్లేదని అంటదంట. ఆళ్లమ్మకి మిగులుద్దని. బడి మూస్తే ఆ అన్నం లేదు కదండీ. మంగళవారం హనుమాన్ గుడికాడ పూరీలు, గురువారం సాయిబాబా గుడికాడ కిచిడీ. ఏ వారం ఎక్కడ పంచుతారో ఏళ్లు మడిసి లెక్కెట్టి చెప్పింది. ఆళ్ల నాన్న పని చేసే చోట సగం మందిని తీసేసారంట. ఈయనకి కాయితాలు ఎప్పుడో ఓసారి ఇత్తన్నారంట. ఆళ్లమ్మ పని చేసే పళ్ల ఆసుపత్రి మూసేసారంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"శుక్రవారం చెప్పబోతే పని చూడు అన్నారు కదండీ."

అన్నాను. అది కూడా నేనే అన్నాను.

నేను ఒక మాట అడగగానే అతను ఎందుకు చెప్పలేదు అని ఆ సాయంత్రమంతా అతని మీదే విసుక్కున్నాను. నేను తినలేదు సరోజమ్మా, పాపకే పెడుతున్నా అంటే పోయేది కదా. రాత్రి పక్కమీద వాలాక గానీ అర్థం కాలేదు. తినలేదు అంటే ఎందుకు తినలేదు అని అడుగుతాను. నా గొంతుతో, హాలు మధ్యలో, తనని సార్ అని పిలిచే కుర్రాళ్ల ముందు అడుగుతాను. దొంగతిండి తిన్నాననిపించుకోవడమే అతనికి తేలికైంది. చేయని తప్పు ఒప్పుకుని తలెత్తకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఫోన్ చేశాను. తీయలేదు. మూడు రోజులు చేశాను. నవదీప్‌ని అడిగితే, సార్ ఎస్సే ఇవ్వడానికి మెస్ దాకా రాకుండా సందు చివర నిలబడి ఇచ్చి వెళ్లారని చెప్పాడు. తర్వాత గాలి కాస్త తేరుకుంది, బళ్లు తెరిచారు. హమ్మయ్య, పిల్ల మధ్యాహ్నం తింటుందిలే అనుకున్నాను. అలా అనుకుని నిజంగానే నా పనుల్లో పడ్డాను. వెళ్లి కలవడానికి మొహం చెల్లలేదన్నది ఒక ముక్క, పిల్లకి బళ్లో అన్నం దొరుకుతోంది కదా అని సరిపెట్టుకున్నది ఇంకో ముక్క. ఆదివారాల సంగతి నేను కావాలనే తలుచుకోలేదు.

డిసెంబరు మధ్యలో మళ్లీ పొగ కమ్మింది, మళ్లీ బళ్లు మూశారు. ఆ రోజు పన్నెండు నుంచి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరో కుర్రాడికి టోకెన్ బదులు నా కళ్లద్దాల పెట్టె ఇచ్చాను. మూడైనా వాళ్లు రాలేదు.

"రారు," అన్నారు మా ఆయన. "నువ్వే వెళ్లాలి."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు?"

"తిట్టడానికి నలుగురి మధ్యకి వెళ్లినదానివి, ఇందుకు నాలుగు మెట్లు ఎక్కలేవా?"

ఆయన నన్ను అన్న మొదటి మాట అదేనేమో. మర్నాడు పదకొండుకే క్యారియర్ సర్దాను. అన్నం, ముద్దపప్పు, బంగాళదుంపల వేపుడు, పెరుగు. ముగ్గురికి సరిపోయేంత. నెయ్యి వేరే డబ్బాలో పోసుకున్నాను.

బేర్ సరాయ్‌లో వాళ్ల గది నాలుగో అంతస్తు పైన, డాబా మీద ఉంది. తలుపు ప్రీతి తీసింది. చిక్కిపోయింది. చదువుకునే రోజుల్లో బుగ్గలతో ఉండేది.

"ఆంటీ, మీరా. రాండ్రి, కూసోండ్రి," అని మంచం మీద పుస్తకాలు పక్కకి జరిపింది.

అక్షర మూలన గోడకి ఆనుకుని ఫోన్లో పాఠం వింటోంది. నన్ను చూసి ఫోన్ శబ్దం తగ్గించింది.

"అన్నం తెచ్చాను ప్రీతీ," అన్నాను.

"ఎందుకు ఆంటీ, మేం గిప్పుడే తిన్నం."

పదిహేనేళ్లుగా వంటింట్లో బతుకుతున్నదాన్ని. పొయ్యి వెలిగిన గదికి ఏ వాసన ఉంటుందో నాకు తెలుసు. ఆ గదిలో ఏ వాసనా లేదు. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి, వాటిమీద తడి లేదు.

"ఆ రోజు తప్పు నాదమ్మా. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను," అన్నాను. ఇంటి దగ్గర నుంచి కూర్చుకుంటూ వచ్చిన మాటలు చాలా ఉన్నాయి, ఇవే బయటికొచ్చాయి.

"గట్లేం లేదాంటీ. మీ రూల్ మీకుంటది. ఆయన ఏమనుకోలే."

తిట్టినా బాగుండేది. ప్లేటు ఇమ్మని అడిగి, నేల మీద కూర్చుని క్యారియర్ విప్పాను. మూత తీయగానే అక్షర ఫోన్ పక్కన పెట్టేసింది.

అప్పుడే విష్ణు నీళ్ల క్యాన్ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. నన్ను చూసి క్యాన్ దించి, నమస్కారం పెట్టాడు. కోపంగా లేడు. నన్ను చూస్తే అతనికే సిగ్గుగా ఉన్నట్టుంది.

"ఎందుకమ్మా ఇంత శ్రమ," అన్నాడు.

"శ్రమ ఏముంది నాయనా. రా, పాపకి కలుపు."

అన్నం వేసి, పప్పు వేసి, నెయ్యి వేసి ప్లేటు పిల్ల ముందుంచాను. విష్ణు అలవాటు ప్రకారం పక్కన కూర్చుని, చేయి కడుక్కుందామని నీళ్లచెంబు అందుకున్నాడు. అక్షర ప్లేటుని తన ఒళ్లోకి లాక్కుంది.

"నహీ పాపా. హాథ్ మత్ లగాఓ," అంది. చేయి పెట్టొద్దని. తర్వాత నా వైపు తిరిగింది. "ఆంటీ, మై అకేలీ ఖాఊంగీ. ఆప్ దేఖ్ లో." నేనొక్కదాన్నే తింటాను, మీరే చూడండి అని.

"నాన్న కలిపితే తిను తల్లీ. నేనేమీ అనను."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

విష్ణు లేచి వెనక్కి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. "నెల దాటిందమ్మా. నన్ను చెయ్యి పెట్టనీదు. ఇంట్లో కూడా అంతే," అన్నాడు. "నేను దగ్గర కూచుంటే చాలు, ప్లేటు తీసుకుని దూరంగా పోతాది."

నాకు ఏడుపొచ్చింది. మెస్‌లో అన్న మాట మెస్‌తో పోయిందనుకున్నాను. ఈ గదిలోకి, ఈ తండ్రీ కూతుళ్ల కంచంలోకి వచ్చి కూర్చుంటుందని నేననుకోలేదు.

అక్షర తినడం మొదలుపెట్టింది. ఎడమచేయి ప్లేటు చుట్టూ వేసుకుని, వంగి, కలపకుండానే అన్నం నోట్లో కుక్కుకుంటోంది. నమలట్లేదు. ఒకటి గొంతు దిగకముందే ఇంకోటి తోస్తోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆగట్లేదు. మధ్యమధ్య తండ్రి ఎక్కడున్నాడో చూసుకుని, నేను చూస్తున్నానో లేదో చూసుకుని, మళ్లీ వంగుతోంది. సీతారత్నం చెప్పింది విన్నప్పుడు ఇలా ఉంటుందని నేనూహించలేదు. విష్ణు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే చూస్తున్నాడు. ప్రీతి కిటికీ వైపు తిరిగింది.

పిల్లకి పొలమారింది. నేను ఉండబట్టలేకపోయాను.

"మెల్లగా తినమ్మా," అన్నాను.

అంతే. ఆ పిల్ల చేయి గాల్లోనే ఆగింది. నోట్లో ఉన్నది మింగి, చేతిలో ఉన్న మెతుకులు ప్లేటులో దులిపి, ప్లేటుని రెండు చేతులతో నా ముందుకి తోసింది.

"బస్ ఆంటీ. హో గయా," అంది. చాలు, అయిపోయిందని.

"తిట్టలేదు తల్లీ, గొంతుకి అడ్డం పడుతుందని అన్నాను. తిను. ఇదంతా నీదే."

"పేట్ భర్ గయా." కడుపు నిండిపోయిందట.

"తిను బిడ్డా, ఆంటీ కోపం చేస్తలేదు," అంది ప్రీతి.

పిల్ల తినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ప్లేటులో సగం పైగా అన్నం అలాగే ఉంది. కళ్లు మాత్రం ఆ అన్నం మీదే ఉన్నాయి. ఇంకో పూటైతే నేను బతిమాలేదాన్ని, బుజ్జగించేదాన్ని, ఒళ్లో కూర్చోబెట్టుకుని నా చేత్తో తినిపించేదాన్ని. ఆ పిల్ల నా గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. నేను ఏం మాట్లాడినా దానికి తిట్టులాగే వినిపిస్తుంది. నేను ఆ గదిలో ఉన్నంతసేపూ ఆ పిల్ల తినదు.

అందుకని క్యారియర్ అక్కడే వదిలేసి లేచాను. ప్రీతి మంచినీళ్లు తెస్తానంటే వద్దన్నాను. విష్ణు కిందిదాకా వస్తానంటే వద్దన్నాను. పిల్ల అన్నం చల్లారిపోతుందని, నేను త్వరగా మెట్లు దిగిపోయాను.